దండోరా వేయించినది ఎవరు?

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



పూర్వము మన పల్లెలకు వార్త దండోరా రూపమున వచ్చెడిది. తలారి తప్పెట చేతబట్టి వీధి మొగలో నిలిచి, నాలుగు దెబ్బలు వేసి, మొదట "ఇది మునసబు గారి ఉత్తరువు" అనియో, "ఇది తాసీల్దారు గారి ఆజ్ఞ" అనియో చెప్పి, ఆ మీదట విషయము చెప్పెడివాడు. వినువారు ఆ పేరును బట్టి ఆ మాటకు ఎంత విలువ నీయవలెనో నిశ్చయించుకొనెడివారు. శిస్తు గడువును గూర్చి తాసీల్దారు పేర వచ్చిన మాట ఒక ఎత్తు. సంతలో ఎడ్ల వ్యాపారి వేయించుకొన్న చాటింపు మరియొక ఎత్తు. చదువురాని వారికి కూడ ఈ భేదము తెలిసియుండెను.

నేడు ఊరికి వార్తాపత్రిక వచ్చుచున్నది, ఇంటింట టెలివిజను పలుకుచున్నది, పిల్లల చేతులలో సెల్‌ఫోనులు మ్రోగుచున్నవి. తప్పెట మ్రోత వెయ్యి రెట్లు పెరిగినది గాని, దానిని వేయించినవాని పేరు మాత్రము ముందుగా వినబడుట లేదు. వార్త ఎవరి సొత్తు, ప్రకటనకు సొమ్మిచ్చినది ఎవరు, తప్పు జరిగిన ఎవరిని అడుగవలెను అను మూడు ప్రశ్నలను గూర్చియే మేము ఈ దినము మీతో ముచ్చటింపదలచితిమి.

కొంతకాలము క్రిందట మేము ఒక గ్రామమునకు పోయినపుడు, అచ్చటి పఠనాలయమున ఒక వృద్ధ రైతు తన జేబులోనుండి నాలుగు మడతలు పెట్టిన పత్రిక ముక్కను తీసి మాకు చూపెను. చక్కెర వ్యాధిని నలువది దినములలో సమూలముగ పోగొట్టెదమనియు, వేరే మాత్రలతో పనిలేదనియు అందు వ్రాసియుండెను. ప్రక్కనే ఒక పెద్దమనిషి బొమ్మ, ఆయన తన అనుభవము చెప్పుచున్నట్లు నాలుగు పంక్తులు. అక్షరములు, శీర్షిక, అచ్చు అంతయు వార్త వలెనే యుండెను. ఒక మూలను, కంటి డాక్టరు చీటీలోని కట్టకడపటి వరుసంత సన్నని అక్షరములతో "ప్రకటన" అని కలదు. రైతు ఆ మందు తెప్పించుకొని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు మాత్రలను రెండు నెలలు మానివేసెను. కాలివ్రేలికి తగిలిన చిన్న గాయము మానక, జిల్లా ఆసుపత్రిలో ఆ వ్రేలిని తీసివేయవలసి వచ్చెను. ఆయన మాతో అన్న మాట ఒక్కటియే: "పేపరులో పడ్డది గదండీ!"

ఆ మాటలో నిష్ఠురము లేదు, ఆశ్చర్యము మాత్రమే కలదు. అచ్చులో వచ్చినదానిని ఎవరో ఒక పెద్ద పరిశీలించియే యుందురని ఆయన నమ్మకము. మనలో చాలమందికి ఇట్టి నమ్మకమే కలదు. వాస్తవమేమనగా, మన దేశమున పత్రికలో అచ్చగు విషయమును అచ్చునకు ముందు పరిశీలించు అధికారి ఎవరును లేరు. 1975 జూన్ మొదలు అత్యయిక పరిస్థితి కాలమున అట్టి అధికారులను నియమించి చూచితిమి. ఆ అనుభవము మరల కోరదగినది కాదు. కనుక పాఠకునికి రక్షణ అచ్చయిన తరువాతనే కలుగవలెను. ఆ రక్షణ ఎంతవరకు కలదో చూతము.

ఆ రైతును మోసగించిన ప్రకటనను నిషేధించు చట్టము 1954 నుండియు కలదు. దాని పేరు మందులు, మంత్ర చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టము. చక్కెర వ్యాధి, కాన్సరు, మూర్ఛ, పక్షవాతము, బొల్లి, క్షయ, స్త్రీల వంధ్యత్వము మొదలగు అనేక రోగముల పట్టిక అందు చేర్చబడినది. ఈ రోగములను కుదుర్తుమని గాని, నివారింతుమని గాని జనులకు మందును ప్రకటించుట నేరము. తాయెత్తులు, కవచములు, మంత్రములు రోగము కుదుర్చునని ప్రకటించుటయు నేరమే. వేయించినవాడొక్కడే గాక, ఆ ప్రకటనను వెలువరించుటలో పాలుగొన్నవారందరును ఇందు బాధ్యులు. ప్రకటన అనగా ఏమో చట్టము చెప్పిన తీరు వినదగినది: కరపత్రము, సీసా చీటీ, చుట్టిన కాగితము, నోటితో చేయు చాటింపు, వెలుతురుతో గాని, ధ్వనితో గాని, తుదకు పొగతో గాని చేయునది సైతము ప్రకటనయే. కావున సంతలో మైకు కట్టిన బండిమీద మందులమ్మువాడును ఈ చట్టమునకు లోబడినవాడే. పొగతో ప్రకటన చేయువానిని మేము ఇంతవరకు చూడలేదు గాని, చట్టము చేసినవారు ముందుచూపు గలవారని ఒప్పుకొనక తప్పదు. గుర్తింపు పొందిన వైద్యుడు తన వైద్యశాలకు కట్టుకొను బోర్డునకు మాత్రము మినహాయింపు కలదు.

ఈ చట్టము పత్రికా స్వాతంత్ర్యమునకు భంగకరమని మందుల వర్తకులు సుప్రీంకోర్టుకెక్కిరి. 1959 డిసెంబరులో, హందర్ద్ దవాఖానా వారి వ్యాజ్యమున, న్యాయస్థానము సరకు అమ్ముకొనుటకు చేయు ప్రకటనయు, భావమును వెల్లడించు భాషణమును ఒక్కటి కావని చెప్పెను. అయితే అదే తీర్పులో, పట్టికకు తన ఇష్టము వచ్చినట్లు రోగములను చేర్చు అధికారమును ప్రభుత్వమునకు ఇచ్చిన భాగమును, జప్తు అధికారములను న్యాయస్థానము కొట్టివైచెను. 1963లో చట్టమును సవరింపవలసి వచ్చెను. ప్రజలను రక్షించు చట్టమునకు సైతము హద్దులుండవలెనను మాట ఇది. దీనిని మీరు మనస్సున నుంచుకొనుడు. మరల ఈ సంగతికి వత్తుము.

చంటిబిడ్డల పాలపొడి విషయమున 1992 చట్టము ఇంకను కఠినమైనది. తల్లిపాలకు మారుగా అమ్ము పాలపొడిని, పాలసీసాలను ప్రకటించుటయే అది నిషేధించెను. తల్లిపాలే శ్రేష్ఠమని డబ్బామీద అచ్చువేయుట తప్పనిసరి చేసెను. మీ అంగన్‌వాడీ కార్యకర్తకు ఇది తెలిసియుండును; మీ ఊరి మందుల దుకాణదారునకు తెలియునో లేదో విచారింపుడు.

ఈ చట్టములన్నియు ఉండగా ఆ రైతు వ్రేలు ఎందుకు పోయెను? ఫిర్యాదు చేసినవారు లేకపోవుటచేత. అట్టి ప్రకటనను చూచినవారు వేలకొలది యుందురు. నష్టపోయినవారు తమ నష్టమునకు సిగ్గుపడి ఊరకుందురు. ఇచ్చటనే పంచాయతీకి పని కలదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము అసత్యమైన, తప్పుదారి పట్టించు ప్రకటనలను గూర్చిన ఫిర్యాదును జిల్లా కలెక్టరుకు వ్రాతమూలకముగ పంపవచ్చునని 17వ విభాగమున స్పష్టముగ చెప్పినది. కలెక్టరు విచారణ జరిపి కేంద్ర ప్రాధికార సంస్థకు నివేదింపవలెను. ఆ సంస్థ 2020 జూలైలో ఏర్పడినది. తయారుదారునకు గాని, ప్రకటనలో సరకును మెచ్చుకొన్న ప్రముఖునకు గాని 10 లక్షల రూపాయల వరకు, మరల చేసినచో 50 లక్షల వరకు అపరాధ రుసుము విధించు అధికారము దానికి కలదు. ఆ ప్రముఖుడు ఒక సంవత్సరము వరకు, మరల చేసిన మూడు సంవత్సరముల వరకు ఏ ప్రకటనలోను కనబడకుండ చేయవచ్చును. ఏ కాగితమును లేకుండ 1915 అను నంబరునకు ఫోను చేసి సలహా నడుగు వీలును కలదు. కలెక్టరు కార్యాలయమునకు రోడ్డు కొరకు, నీటి కొరకు మీరు ఎన్నో అర్జీలు వ్రాసియుందురు. ఒక ప్రకటనను గూర్చి అర్జీ వ్రాసిన పంచాయతీలు ఎన్ని యుండునో మీరే ఆలోచింపుడు.

ఇక యాజమాన్యము మాట. పత్రిక నడుపుటకు సొమ్ము కావలెను. సొమ్ము గలవారు పత్రిక నడుపుట వింత కాదు, తప్పును కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును తయారుచేయ మొదలిడిరి. ఆ తలనొప్పి మందు తెచ్చిన ఆదాయముతోనే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మదరాసునుండి దినపత్రికగా వెలువరించిరి. ఆ పత్రిక ఎవరిదో, సొమ్ము ఎచ్చటనుండి వచ్చుచున్నదో తెలియని ఆంధ్రుడు ఆ కాలమున లేడు. అమృతాంజనము ప్రకటన అందులో కనబడినను ఎవరును మోసపోలేదు. యజమాని వర్తకుడగుట కీడు కాదు. ఆ సంగతి మరుగుపడుటయే కీడు.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట నియమింపబడిన మొదటి ప్రెస్ కమిషను 1954లో నివేదిక నిచ్చెను. దాని సలహామీద 1956లో పత్రికల రిజిస్ట్రారు పదవి ఏర్పడెను. పత్రిక యజమానుల పేర్లను, నూటికి ఒక పాలుకంటె మించి వాటా గలవారి పేర్లను ఏటేట ఫిబ్రవరి ముగిసిన పిదప వచ్చు మొదటి సంచికలో అచ్చువేయవలెనని నిబంధన పెట్టిరి. 1867 నాటి పాత చట్టము పోయి, 2023లో చేసిన పత్రికల నమోదు చట్టము 2024 మార్చి 1 నుండి అమలులోనికి వచ్చినది. మీ ఊరికి వచ్చు పత్రిక కడపటి పుట అడుగున చూడుడు. ముద్రాపకుని పేరు, ప్రచురణకర్త పేరు, సంపాదకుని పేరు సన్నని అక్షరములతో ఉండును. ఆ వరుసను ఎవరును చదువరు. తలారి దండోరాకు ముందు చెప్పిన పేరు ఆ వరుసయే. ప్రభుత్వపు సమాచార శాఖ వెలువరించు పత్రికకును ఈ న్యాయమే వర్తించును: అట్టి పత్రికకు యజమాని ప్రభుత్వమే కావున, ప్రభుత్వమును గూర్చి అందు చదివినదానిని ఆ ఎరుకతోనే తూచుకొనుడు.

ధనవంతుల పత్రికలు పేదపత్రికలను మ్రింగివేయకుండ ఆపుటకు 1956లో పార్లమెంటు ఒక చట్టము చేసెను. ఇంత వెలకు ఇన్ని పుటలు మాత్రమే ఇయ్యవలెనని 1960లో ప్రభుత్వము ఉత్తరువు వెలువరించెను. పూనా నగరపు మరాఠీ దినపత్రిక సకాల్ దీనిపై వ్యాజ్యము వేయగా, 1961లో సుప్రీంకోర్టు ఆ చట్టమును కొట్టివైచెను. పుటలు తగ్గించుట యనగా మాట తగ్గించుటయే యనియు, చిన్నపత్రికకు మేలు చేయుటకై పెద్దపత్రిక నోటిని కుదింపరాదనియు తీర్పు. ఉద్దేశము మంచిదైనను మార్గము చెల్లలేదు. ఆకాశవాణి తరంగముల విషయమున 1995లో అదే న్యాయస్థానము అవి ప్రజల ఆస్తి యనియు, ప్రభుత్వపు గుత్తగాని, ధనవంతుల గుత్తగాని పనికిరాదనియు చెప్పెను. రాజకీయ పక్షములు టెలివిజను ప్రసార రంగమున ప్రవేశింపరాదని టెలికాం నియంత్రణ సంస్థ 2014లో సిఫారసు చేసినది. దానిని సమగ్రముగ అమలు జరుపు చట్టము రాలేదు. కనుక మన రాష్ట్రములలో ఏ ఛానెలు ఏ పక్షమువారిదో వీక్షకుడే ఊహించుకొనుచున్నాడు. అతని ఊహ తరచుగా సరిగనే యుండుట వేరు సంగతి.

ఇంతవరకు చెప్పినది ప్రకటన అని సన్నని అక్షరములతోనైన వ్రాసియున్నవానిని గూర్చి. ఆ మాటయే వ్రాయకుండ వార్తయే సరకైనచో? 2009 సార్వత్రిక ఎన్నికలలో అభ్యర్థులవద్ద సొమ్ము పుచ్చుకొని, వారి పొగడ్తలను వార్తలుగా అచ్చువేయు అలవాటు దేశమంతట బయటపడెను. మనకు గర్వకారణమైన సంగతి యొకటి ఇందు కలదు. దీనిని గూర్చి మొట్టమొదట గొంతెత్తినవారిలో తెలుగు విలేకరులు కలరు. వారి సంఘము పశ్చిమ గోదావరి జిల్లాలో నమూనా పరిశీలన జరిపెను. ప్రెస్ కౌన్సిలు ఒక ఉపసంఘమును వేసెను. అందు సభ్యులు ఇరువురు: పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాసరెడ్డి. వారు పత్రికల పేర్లతో సహా 71 పుటల నివేదికను సిద్ధపరచిరి.

ఆ పిమ్మట జరిగినది పంచాయతీ సభ్యులు శ్రద్ధగా వినవలెను. ప్రెస్ కౌన్సిలులో అధ్యక్షుడు గాక 28 మంది సభ్యులుండుట చట్టము. వారిలో 13 మంది పనిచేయు పాత్రికేయులు, ఆరుగురు పత్రికల యాజమాన్యపు ప్రతినిధులు. 2010 జూలైలో కౌన్సిలు వెలువరించిన తుది నివేదికలో ఉపసంఘపు వ్రాత అనుబంధముగా చేరలేదు. పొట్టిదియు, పేర్లు లేనిదియు అగు నివేదిక మాత్రమే బయటకు వచ్చెను. పూర్తి వ్రాత అధికారికముగ వెలువడుటకు కేంద్ర సమాచార కమిషను 2011లో ఆజ్ఞాపింపవలసి వచ్చెను. ఇచ్చట నోరు నొక్కినది పోలీసు కాదు, సెన్సారు అధికారి కాదు. పాఠకుని రక్షించుటకు ఏర్పడిన సంస్థలోనే పాఠకునికి తెలియవలసిన పేర్లు ఆగిపోయెను. వాటిని బయటకు తెచ్చినది సమాచార హక్కు చట్టము. మీ పంచాయతీ లెక్కలను గూర్చి గ్రామస్థుడు అర్జీ పెట్టునపుడు మీకు కొంత చిరాకు కలిగించునది ఈ చట్టమే.

సొమ్మిచ్చిన వార్తకు శిక్ష లేకపోలేదు. ఉత్తరప్రదేశ్‌లో ఒక శాసనసభ్యురాలు అట్టి వార్తల ఖర్చును ఎన్నికల లెక్కలలో చూపనందున, 2011లో ఎన్నికల సంఘము ఆమెను మూడు సంవత్సరములు అనర్హురాలిగ ప్రకటించెను. శాసనసభ, లోక్‌సభ ఎన్నికల కాలమున ఇట్టి వార్తలను పరిశీలించు సంఘము జిల్లా స్థాయిలోనే ఉండును. ఒకే అభ్యర్థిని గూర్చిన ఒకే వాక్యములు ఒకే దినమున రెండు పత్రికలలో కనబడినచో, ఆ రెంటిని కలిపి అచ్చటికి పంపవచ్చును.

సెన్సారు అనగానే మనకు సినిమా జ్ఞప్తికి వచ్చును. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారు రైతుబిడ్డ చిత్రమును తీసిరి. జమీందారీలోని రైతుల కడగండ్లు దాని కథ. చల్లపల్లి జమీందారు అండగల సంస్థ దానిని తీయగా, ఇతర జమీందారులు అలజడి చేసిరి. చిత్రము నిషేధమునకు గురియయ్యెను. రైతు కథను రైతు చూడకుండ చేయుట ఎవరిని కాపాడుటకో వేరుగ చెప్పనక్కరలేదు. తరువాత 1970లో కె.ఎ. అబ్బాసుగారి వ్యాజ్యమున సుప్రీంకోర్టు, సినిమా మనస్సును కదలించు శక్తి గలది కావున ముందుగా పరీక్షించుట చెల్లునని అంగీకరించెను. 1989లో ఒక తమిళ చిత్రము విషయమున మరియొక మాట చెప్పెను: ఎవరో అల్లరి చేయుదురను భయముతో చిత్రమును ఆపరాదు, అల్లరిని ఆపుట ప్రభుత్వము పని.

ఇది మేము నొక్కి చెప్పుటకు కారణము కలదు. కొన్ని గ్రామములలో పెద్దలు కూడి ఫలానా సినిమా చూడరాదనియు, ఫలానా పత్రిక ఊరికి రారాదనియు, ఆడపిల్లలు సెల్‌ఫోను పట్టరాదనియు తీర్మానములు చేయుచున్నారు. పిల్లల మీది ప్రేమచేతనే చేయుచున్నారని మేము నమ్ముదుము. కాని పంచాయతీకి అట్టి అధికారము ఏ చట్టమునను లేదు. మందుల చట్టమును సమర్థించిన న్యాయస్థానమే ప్రభుత్వపు చేతికి హద్దు గీసినదని ముందు చెప్పితిమి. ప్రభుత్వమునకు లేని అధికారము రచ్చబండకు రాదు. ఆడపిల్లకు మాత్రమే వర్తించు తీర్మానము రక్షణయును కాదు.

మరి పిల్లల సంగతి యేమి? 2023 సవరణచే సినిమా సర్టిఫికెట్టులో ఏడు, పదుమూడు, పదునారు ఏండ్లు అను మూడు వయో విభాగములు వచ్చినవి. అవి తల్లిదండ్రులకు సూచనలు. పెద్దలకు మాత్రమే అను చిత్రమునకు పదునెనిమిది ఏండ్లు నిండనివారిని హాలులోనికి రానీయరాదు. టెలివిజనులో అట్టి చిత్రమును వేయరాదు. ఇంటర్నెట్టు ద్వారా చూపు చిత్రములకును 2021 నుండి వయస్సు గుర్తులు, పదుమూడు ఏండ్లు మొదలు పై విభాగములకు తాళము వేయు వీలు ఉండవలెనని నిబంధన కలదు. ఆ తాళము ఎట్లు వేయవలెనో తెలిసిన తల్లిదండ్రులు తక్కువ. దానిని తీయుట తెలిసిన పిల్లలు ఎక్కువ.

పందెపు ఆటలు ఇంకను ప్రమాదకరములు. సెల్‌ఫోనులో సొమ్ము పెట్టి ఆడు ఆటలను తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి చట్టము చేసి, ఆట నడుపువారికే గాక దానిని ప్రకటించువారికి సైతము శిక్ష నిర్ణయించెను. ఆడి పోగొట్టుకొన్నవానిని ఆ చట్టము నేరస్థునిగా చూడదు. అప్పులపాలైన యువకుని తండ్రి మీవద్దకు వచ్చినపుడు ఈ సంగతి మొదట చెప్పుడు. భయముచేతనే చాలమంది నోరు విప్పకున్నారు.

పంచాయతీ కార్యాలయపు గోడయు, బస్సు ఆగు చోటునందలి మీ గోడయు మీవి. వాటిమీద ఎవరి రంగు పడవలెనో నిర్ణయించువారు మీరే. మొలల మందు, మగతనపు మందు ప్రకటనలు పంచాయతీ గోడమీదనే వెలయుట మేము అనేక గ్రామములలో చూచితిమి. సున్నపు ఖర్చు స్వల్పము.

పత్రికపై ఫిర్యాదునకు పద్ధతి కలదు. మొదట సంపాదకునికి వ్రాయవలెను. ఆయన సమాధానము తృప్తి కలిగింపనిచో ప్రెస్ కౌన్సిలుకు వ్రాయవలెను. దినపత్రికకు, వారపత్రికకు రెండు నెలలు, తక్కినవానికి నాలుగు నెలలు గడువు. కౌన్సిలు మందలింపగలదు గాని జరిమానా వేయజాలదు. టెలివిజను ఛానెలుపై ఫిర్యాదు మొదట ఆ ఛానెలుకే పంపవలెను. 2021 నిబంధనల ప్రకారము వారు పదునైదు దినములలో నిర్ణయము తెలుపవలెను. మందుల ప్రకటనయైనచో నేరుగ కలెక్టరుకు వ్రాయుడు.

ఆ వృద్ధ రైతు పక్షమున మేము అర్జీ వ్రాయ కూర్చుండినపుడు ఒక చిక్కు వచ్చెను. ఆయన దాచిన ముక్కలో పత్రిక పేరు లేదు, తేదీ లేదు. బొమ్మను, నాలుగు పంక్తులను మాత్రమే కత్తిరించి దాచుకొనెను. పఠనాలయపు పాత పత్రికలలో వెదకుదమన్న, అవి అంతకు ముందు నెలలోనే తూకమునకు అమ్మివేయబడెను. ఆ ఊరి పంచాయతీ ఇప్పుడు పత్రికలను నాలుగు నెలలు దాచుచున్నది. కాలమునకు తగినట్లు దారముతో కుట్టి, అలమారు అడుగు అరలో పెట్టుచున్నారు. తాళపుచెవి గ్రంథపాలకునివద్ద ఒకటి, వార్డు సభ్యురాలివద్ద ఒకటి కలదు.